కార్డ్‌లెస్ ఫోన్ పెట్టుకోవడం ఎలా? ముందు బేస్‌కి చోటు, తర్వాతే ఫోన్

మీ ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే గోడకు బిగించిన ఆ బాక్సును ఒకసారి పరకాయించి చూడండి. ఇంటర్నెట్ కేబుళ్లు దూర్చే సాకెట్ల పక్కనే వాటికంటే కాస్త చిన్నది ఇంకొకటి ఖాళీగా ఉంటుంది. దాని మీద ‘టెల్’ అనో ‘ఫోన్’ అనో ‘పాట్స్’ అనో రాసి ఉంటుంది. బీఎస్‌ఎన్‌ఎల్ భారత్ ఫైబర్, జియోఫైబర్, ఎయిర్‌టెల్, ఏపీ ఫైబర్‌నెట్... ఎవరిది తీసుకున్నా చాలా ప్లాన్లలో ఇంటర్నెట్‌తో పాటు ల్యాండ్‌లైన్ నంబరు కూడా కలిసి వస్తుంది. నెలనెలా బిల్లు కడుతూ ఆ సాకెట్‌ని ముట్టుకోని ఇళ్లు ఎన్నో. ఫ్లాట్‌లో లోపలి గదికి మొబైల్ సిగ్నల్ అందకపోయినా, స్మార్ట్‌ఫోన్ తెర మీద వేలు నిలవని పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నా, మీది కౌంటర్ దగ్గర ఎప్పుడూ ఒకే నంబరు మోగాల్సిన క్లినిక్కో మందుల షాపో అయినా, అక్కడ ఒక డిజిటల్ కార్డ్‌లెస్ తగిలిస్తే బాగా పనికొస్తుంది.

ఈ ఫోన్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఫోన్ తప్పు తక్కువ. బేస్ (అంటే లైనుకు, కరెంటుకు తగిలించి ఉంచే పెట్టె; చేత్తో పట్టుకుని మాట్లాడేది హ్యాండ్‌సెట్) పెట్టిన చోటు, కరెంటు, సెల్లు... గొడవంతా ఈ మూడింటి దగ్గరే. అందుకే ఇక్కడ చెప్పే వరుస కాస్త తిరగేసినట్టు ఉంటుంది. చోటు తేల్చుకున్నాకే షాపుకు వెళ్దాం.

ముందు లైను సంగతి చూసుకోండి

ఫైబర్ బాక్సుకు ఫోన్ సాకెట్ ఉన్నంత మాత్రాన లైను పలుకుతుందని కాదు. నంబరు యాక్టివేట్ అయి ఉండాలి. ఇంట్లో ఎక్కడైనా పాత వైరు ఫోన్ పడి ఉంటే దాన్ని ఆ సాకెట్‌లో పెట్టి ఎత్తండి. డయల్ టోన్ వస్తే సరే, రాకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి చెప్పి యాక్టివేట్ చేయించుకోండి. ఆ పాత ఫోన్‌ని మాత్రం పారేయకండి. దానితో ఇంకా పనులున్నాయి.

రాగి తీగ మీద వచ్చే పాత బీఎస్‌ఎన్‌ఎల్ లైను అయితే, అదే తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ కూడా వస్తుంటే, ఫోన్‌కి ముందు స్ప్లిటర్, అంటే మాటనీ ఇంటర్నెట్‌నీ విడదీసే చిన్న డబ్బా, తప్పనిసరి. అది లేకపోతే ఫోన్‌లో ఎడతెగని హోరు వినిపిస్తుంది, ఇంటర్నెట్ కూడా తెగుతూ ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. ఇంటి గోడల్లో పాత టెలిఫోన్ వైరింగ్ ఉందనుకోండి. ఫైబర్ బాక్సు నుంచి వచ్చే లైనును దానికి కలిపి అన్ని గదుల్లోనూ వాడుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. చేయొచ్చు. కానీ బయటి స్తంభం నుంచి వచ్చే పాత రాగి జతను ఇంటి మొదటి బాక్సు దగ్గరే విడదీసి, ఆ తర్వాతే కలపండి. రెండు లైన్లు ఒకదానిమీదొకటి పడితే ఫైబర్ బాక్సులోని ఫోన్ పోర్టు పాడవుతుంది. పోర్టు పోతే బాక్సు మొత్తం మార్చాల్సిందే.

బేస్‌కి చోటు వెతకండి

డిజిటల్ కార్డ్‌లెస్ పెట్టె మీద ఆరుబయట 300 మీటర్లు, ఇంట్లో 50 మీటర్లు అని రాస్తారు. అది అబద్ధమేమీ కాదు. కానీ ఆ 50 మీటర్లు మన కాంక్రీటు ఇళ్లకు పూర్తిగా వర్తించవు. ఇటుక గోడ దాటాక సంకేతం కొంత తగ్గుతుంది, ఇనుప చువ్వలున్న స్లాబు దాటాక బాగా తగ్గుతుంది, ఇనుప బీరువా అడ్డం వస్తే ఇక ఆ నీడలో దాదాపు ఏమీ మిగలదు. నిలువుటద్దం వెనక ఉండే లోహపు పూత కూడా ఇంతే. నీళ్ల ట్యాంకు, అక్వేరియం, ఫ్రిజ్... నీరున్న చోటా లోహమున్న చోటా రేడియో తరంగాలు ఇబ్బంది పడతాయి.

కాబట్టి బేస్ ఇంటి నడిమధ్యలో, భుజమెత్తులో, చుట్టూ కొంత ఖాళీ ఉన్న చోట ఉండాలి. టీవీ వెనక, షోకేస్ లోపల, ఫ్రిజ్ మీద పెట్టకండి. వైఫై రౌటర్‌కి ఆనించి పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, కనీసం మీటరు దూరం జరపండి. ఇక డూప్లెక్స్ ఇళ్లలో, డాబా మీద గది ఉన్న ఇళ్లలో బేస్ పెట్టాల్సింది మెట్ల దగ్గర. స్లాబుకు పెద్ద కంత ఉండేది అక్కడే కదా, సంకేతం ఆ దారినే పైకి పోతుంది. హాల్లో ఏ మూలో పెట్టి, పైన గదిలో మాట తెగిపోతోందని రిపీటర్ (బేస్ సంకేతాన్ని అందుకుని ఇంకా ముందుకు పంపే పరికరం) కొనేవాళ్లుంటారు. బేస్‌ను నాలుగు మీటర్లు జరిపితే ఆ డబ్బు మిగిలేది.

ఫైబర్ బాక్సు ఏమో తలుపు పక్కన మూలకు ఉంటుంది, బేస్ మధ్యలో ఎలా పెడతాం? ఫోన్ లైనుకు కావాల్సింది రెండు సన్నని తీగలే. మామూలు టెలిఫోన్ వైరు ఇరవై ముప్ఫై మీటర్లు లాగినా మాటలో తేడా రాదు. ఎలక్ట్రికల్ షాపులో వైరు, రెండు కొసలకు ఆర్‌జే11 పిన్నులు (మామూలు టెలిఫోన్ పిన్నులు) కొట్టించుకుంటే అయిపోయింది. కరెంటు వైర్ల పైపులో మాత్రం దాన్ని దూర్చకండి, గుయ్‌మని మోత వస్తుంది.

ఎంచుకున్న చోట ప్లగ్ పాయింటు ఉందా? అది ఇన్వర్టర్ లైను మీద ఉందా? ఈ రెండో ప్రశ్నకు జవాబు ‘లేదు’ అయితే ఇంకో చోటు చూడండి. ఎందుకో కరెంటు దగ్గర చెబుతాను.

ఇప్పుడు షాపుకు వెళ్దాం

పెట్టె మీద వెతకాల్సిన మాట ‘డెక్ట్’. యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ 1992లో తెచ్చిన డిజిటల్ కార్డ్‌లెస్ ప్రమాణం అది. దానికి ముందున్న అనలాగ్ కార్డ్‌లెస్‌లలో యాంటెన్నా బయటికి లాగి మాట్లాడాల్సి వచ్చేది, పక్కింటివాళ్ల మాటలు చొరబడేవి, ఛానెల్ బటన్ నొక్కుతూ ఉండాల్సి వచ్చేది. డెక్ట్‌లో ఆ పని ఫోనే చేసుకుంటుంది. 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ మధ్య పది ఫ్రీక్వెన్సీలుంటాయి. సెకనులో వందో వంతు కాలాన్ని 24 ముక్కలు చేసి, 12 ముక్కలు బేస్ మాట్లాడటానికి, 12 హ్యాండ్‌సెట్ మాట్లాడటానికి పంచుతారు. అంటే పది ఫ్రీక్వెన్సీలకూ కలిపి 120 దారులు. అందులో ఏది ఖాళీగా, శుభ్రంగా ఉందో చూసుకుని ఫోన్ తనంతట తానే దారి మారుతుంది. అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్‌లోనూ ఒక కార్డ్‌లెస్ ఉన్నా ఒకదానికొకటి అడ్డు రాకపోవడానికి కారణం ఇదే.

2.4 గిగాహెర్ట్జ్ అని రాసి ఉన్న కార్డ్‌లెస్‌లు పాత సరుకులో ఇంకా కనిపిస్తాయి. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ వాడేది కూడా ఆ ప్రాంతమే. ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

అమెరికా నుంచి వచ్చేవాళ్లు తెచ్చే ‘డెక్ట్ 6.0’ సెట్ల గురించి గట్టిగా చెప్పాలి. ఆ 6.0 అమ్మకాల కోసం పెట్టిన అంకె, ఫ్రీక్వెన్సీతో సంబంధం లేదు. అసలు సమస్య ఏమిటంటే అవి 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. మన దగ్గర 1920 నుంచి 1980 దాకా మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే జాగా. మీ ఇంట్లో ఆ సెట్ ఆన్ చేస్తే చుట్టుపక్కల మొబైల్ టవర్‌కి అది నిరంతరం గోల పెడుతూ ఉంటుంది. ఇక్కడ వాడటానికి దానికి అనుమతి లేదు. పైగా దాని అడాప్టర్ 120 వోల్టులది అయితే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది. అక్కడున్న మీ అబ్బాయికో అమ్మాయికో ముందే చెప్పండి, అక్కడిది అక్కడే వాడుకోమని. బ్రిటన్ నుంచి తెచ్చిన సెట్ ఫ్రీక్వెన్సీ మనదే, వోల్టేజీ కూడా మనకు సరిపోయేదే. కరెంటు ప్లగ్గు ఆకారం, లైను వైరు చివర పిన్ను మాత్రం వేరు, ప్లగ్గుకు కన్వర్టర్ పెట్టుకుని, ఆర్‌జే11 వైరు మార్చుకోవాలి.

షాపులో పానాసోనిక్, బీటెల్, గిగాసెట్, మోటరోలా పేర్లు వినిపిస్తాయి. ఏ పేరైనా సరే, చూడాల్సినవి కొన్నే. హ్యాండ్‌సెట్‌లో వేసే సెల్లు బజారులో దొరికే చిన్న పెన్సిల్ సెల్లు, అంటే ఏఏఏ సైజువి కావాలి. కొన్ని మోడళ్లలో వైరుతో అతికిన ప్రత్యేకమైన బ్యాటరీ ఉంటుంది, మూడేళ్ల తర్వాత అది ఎక్కడా దొరకదు. స్పీకర్‌ఫోన్ ఉండాలి. తెరకు, బటన్లకు లైటు ఉండాలి. పెద్దవాళ్ల కోసమైతే పెద్ద బటన్లు, గట్టిగా మోగే గంట, వినికిడి యంత్రంతో పనిచేసే రకం అడగండి. కాల్ బ్లాక్ సౌకర్యం ఉందో లేదో కూడా అడగండి, దాని ఉపయోగం ముందు ముందు తెలుస్తుంది. ఆన్సరింగ్ మెషీన్ ఉన్న మోడల్‌కి ఎక్కువ డబ్బు పెట్టడం ఇళ్లకు దండగ అని నా అభిప్రాయం. మనవాళ్లు యంత్రంతో మాట్లాడరు, పెట్టేసి మళ్లీ చేస్తారు. క్లినిక్కులకైతే వేరే మాట.

రెండు మూడు హ్యాండ్‌సెట్లు కావాలంటే వేర్వేరు ఫోన్లు కొనకండి. ఒకే బేస్ మీద సాధారణంగా ఆరు హ్యాండ్‌సెట్ల దాకా ఎక్కించుకోవచ్చు. లైనుకు తగిలేది బేస్ ఒక్కటే కాబట్టి ఎన్ని హ్యాండ్‌సెట్లున్నా గంట నీరసపడదు.

మొదటి రోజు

తెచ్చిన రోజే మాట్లాడాలని తొందరపడతాం. ముందు పెట్టెలో వచ్చిన సెల్లు వేసి, హ్యాండ్‌సెట్‌ను ఛార్జర్‌లో కూర్చోబెట్టి రాత్రంతా వదిలేయండి. మోడల్‌ని బట్టి పూర్తి ఛార్జికి ఏడెనిమిది గంటలు పడుతుంది. ఛార్జింగ్ గుర్తు కనిపించకపోతే సెల్లు తిరగేసి వేశారేమో, సెల్లుకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం తీయలేదేమో చూడండి.

ఈ సెల్లు నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, ఒక్కోటి 1.2 వోల్టులు. మార్చాల్సి వస్తే మళ్లీ ఆ రకమే వేయాలి. గోడ గడియారంలో, రిమోట్‌లో వేసే మామూలు సెల్లు వేసి ఛార్జర్‌లో పెడితే కారతాయి, పగలొచ్చు కూడా. ఇంట్లో పిల్లలకు, పనిలో సాయం చేసేవాళ్లకు ఈ మాట చెప్పి ఉంచండి. పెట్టెలో వచ్చినవి సాధారణంగా 550 నుంచి 750 ఎంఏహెచ్ మధ్య ఉంటాయి. ‘1100 వేస్తే రెండింతలు వస్తుంది’ అని షాపువాళ్లు అంటారు. ఛార్జర్ ఇచ్చే కరెంటు చిన్నది, అంత పెద్ద సెల్లును నింపడానికి అది చాలా సేపు తీసుకుంటుంది, కొన్ని సెట్లు నిండకముందే ఛార్జింగ్ ఆపేస్తాయి. పాతవాటి అంకెకు దగ్గరగా ఉన్నవే కొనండి, రెండూ ఒకేసారి మార్చండి.

అడాప్టర్లు రెండుంటే, బేస్‌ది బేస్‌కే పెట్టండి. చూడటానికి ఒకేలా ఉన్నా వోల్టేజీ వేరుగా ఉండొచ్చు. లైను వైరును బేస్‌లోనూ ఫైబర్ బాక్సు ఫోన్ సాకెట్‌లోనూ ‘టక్’ మనేదాకా నొక్కండి. సగంలో ఆగిన పిన్ను వల్ల వచ్చిన ఫిర్యాదులకు లెక్కలేదు.

సెట్టింగుల్లో పట్టించుకోవాల్సినవి

తేదీ, సమయం పెట్టాక డయలింగ్ మోడ్ ‘టోన్’లో ఉందో లేదో చూడండి. ‘పల్స్’లో ఉంటే బ్యాంకుకు ఫోన్ చేసి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నప్పుడు ఎంత నొక్కినా అటువైపు వినపడదు.

నంబర్లు సేవ్ చేసేటప్పుడు ఒక చిక్కుంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కి చేయాలన్నా ముందు సున్నా కొట్టాలి. కాబట్టి ఫోన్‌బుక్‌లో మొబైల్ నంబర్లన్నీ సున్నాతో కలిపి పదకొండు అంకెలుగా ఎక్కించాలి. కానీ అదే మనిషి మీకు ఫోన్ చేసినప్పుడు తెర మీద పది అంకెలే రావచ్చు. కొన్ని సెట్లు చివరి అంకెలు పోల్చుకుని పేరు చూపిస్తాయి, కొన్ని పూర్తి నంబరు కలిస్తేనే చూపిస్తాయి. అందుకని ముందుగా మీ మొబైల్ నంబరు ఒక్కటే సేవ్ చేసి, మొబైల్ నుంచి ల్యాండ్‌లైన్‌కి ఒక కాల్ చేయండి. పేరు పడితే మిగతావన్నీ అలాగే ఎక్కించండి. పడకపోతే ముఖ్యమైన నలుగురైదుగురి నంబర్లు రెండు రకాలుగానూ సేవ్ చేసుకోండి. వేరే ఊళ్ల ల్యాండ్‌లైన్లకు ఎస్‌టీడీ కోడ్ కలపడం మర్చిపోకండి. హైదరాబాద్‌కి 040, విజయవాడకు 0866, విశాఖకు 0891, వరంగల్‌కు 0870, తిరుపతికి 0877.

పెద్దవాళ్ల కోసం స్పీడ్ డయల్ పెట్టి ఇవ్వండి. 1 నొక్కి పట్టుకుంటే పెద్దబ్బాయి, 2 అయితే డాక్టరు, 3 అయితే పక్క ఫ్లాట్ వాళ్లు. ఆ చీటీని పెద్ద అక్షరాలతో రాసి బేస్ పక్కన గోడకు అతికించండి. ఫోన్‌బుక్‌లో పేరు వెతికి డయల్ చేయమంటే పని జరగదు.

అమ్మకాల కాల్స్ సంగతి. టెలీమార్కెటింగ్ కంపెనీలకు కేటాయించిన నంబర్లు 140తో మొదలవుతాయి. కొన్ని సెట్లలో ఒక్కో నంబరునే కాకుండా, మొదటి అంకెలు ఇచ్చి ఆ వరుస మొత్తాన్నీ ఆపే సౌకర్యం ఉంటుంది. మీ సెట్‌లో అది ఉంటే 140 ఇచ్చేయండి. 1600తో మొదలయ్యేవి మాత్రం ఆపకండి, బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు నిజమైన పని మీద చేయడానికి ఇచ్చిన వరుస అది. దీనితో పాటు అదే ల్యాండ్‌లైన్ నుంచి 1909కి చేసి, ఇలాంటి కాల్స్ వద్దని నమోదు చేయించుకోండి.

చివరగా పిన్, అంటే బేస్‌కి ఉండే రహస్య అంకె. చాలా సెట్లలో బేస్ పిన్ 0000. దాన్ని మార్చి ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ‘మా ఇంటి మాటలు ఎవరు వింటారులే’ అనుకోవచ్చు. 2008 చివర్లో బెర్లిన్‌లో జరిగిన ఒక హ్యాకర్ల సమావేశంలో, చవకగా దొరికే ఒక కంప్యూటర్ కార్డుతో డెక్ట్ ఫోన్ల మాటలు వినొచ్చని పరిశోధకులు చూపించారు. అప్పటికి అమ్ముడైన సెట్లలో ఎన్నో అసలు ఎన్‌క్రిప్షనే (మాటల్ని ఇతరులకు అర్థం కాకుండా మార్చి పంపే పద్ధతి) వాడకపోవడం ఆ గొడవలో బయటపడింది. ఆ తర్వాతే భద్రత నియమాలు గట్టిపడ్డాయి. ఏళ్ల నాటి సెట్ ఎవరో ఇస్తే ఇంట్లో కబుర్లకు వాడుకోండి, లాయరు ఆఫీసులోనో డాక్టరు గదిలోనో పెట్టకండి.

ఇంకో హ్యాండ్‌సెట్ ఎక్కించాలంటే

హ్యాండ్‌సెట్‌లో మెనూలోకి వెళ్లి ‘రిజిస్టర్’ దగ్గర నిలబడండి. బేస్ మీద హ్యాండ్‌సెట్‌ని వెతకడానికి నొక్కే బటన్ ఉంటుంది కదా, దాన్నే ఐదు సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. లైటు మినుకుమినుకుమనో బీప్ వచ్చో బేస్ సిద్ధమవుతుంది. వెంటనే హ్యాండ్‌సెట్‌లో ఓకే కొట్టి, అడిగితే పిన్ ఇవ్వండి. ఒకటి రెండు నిమిషాల్లో కాకపోతే బేస్ మళ్లీ మూసుకుంటుంది, మొదటి నుంచి చేయాలి. బేస్ ఒక కంపెనీది, హ్యాండ్‌సెట్ ఇంకో కంపెనీది అయినా రెండింటి మీదా ‘గ్యాప్’ అని ఉంటే మాట్లాడటం వరకు పనిచేస్తాయి. ఫోన్‌బుక్ పంచుకోవడం, కాల్ బ్లాక్ జాబితా లాంటివి కుదరవు.

రెండో హ్యాండ్‌సెట్ వచ్చాక అసలు ఎక్కువ వాడేది ఇంటర్‌కామే. వంటింట్లోంచి పై గదికి ‘అన్నం పెట్టాను, దిగి రండి’ అని కేకేయాల్సిన పని తప్పుతుంది. ఆ కాల్‌కి డబ్బు పడదు, లైను కూడా వాడదు.

కరెంటు పోతే

పాత రాగి తీగ రోజుల్లో కరెంటు పోయినా ఫోన్ పలికేది, ఎందుకంటే ఎక్స్‌ఛేంజ్ నుంచే తీగ మీద కరెంటు వచ్చేది. ఇప్పుడు ఫైబర్ బాక్సుకి కరెంటు కావాలి, బేస్‌కి కరెంటు కావాలి. ఒక్కటి ఆగినా ఫోన్ మూగబోతుంది. హ్యాండ్‌సెట్‌లో ఛార్జింగ్ నిండుగా ఉన్నా ఏం లాభం లేదు.

ఇన్వర్టర్ ఉంటే రెండింటినీ ఆ లైను మీదే పెట్టండి. లేకపోతే రౌటర్ల కోసం అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఫైబర్ బాక్సుకి పనికొస్తుంది. కానీ బేస్ అడాప్టర్ మీద 12 వోల్టులని ఉండదు, సాధారణంగా ఆరు వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. ఆ యూపీఎస్‌లోంచి రెండో తీగ తీసి బేస్‌కి పెడితే బేస్ కాలిపోతుంది. మొదట పక్కన పెట్టమన్న పాత వైరు ఫోన్ ఇక్కడ అక్కరకొస్తుంది. కరెంటు పోయినప్పుడు దాన్ని నేరుగా ఫైబర్ బాక్సులో పెడితే, యూపీఎస్ ఉన్నంతసేపూ మాట్లాడొచ్చు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చేసి చూపించి అలవాటు చేయండి, 112కి చేయాల్సిన వేళ కరెంటు ఉంటుందన్న హామీ ఎక్కడా లేదు. పక్కన ఒక మామూలు బటన్ మొబైల్ కూడా ఛార్జింగ్‌తో ఉండాలి.

మే నెల గాలివానలకు, పిడుగులకు ఎక్కువగా పోయేవి అడాప్టర్లు, రాగి లైను మీదున్న బేస్‌లు. ఉరుములు మొదలైతే అడాప్టర్‌నీ లైను వైరునీ రెంటినీ పీకేయండి. ఒకటి పీకి ఒకటి వదిలేస్తే ప్రయోజనం లేదు.

ఆఫీసుకైతే

చిన్న ఆఫీసులో ఇప్పటికే ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే చిన్న ఎక్స్‌ఛేంజ్) ఉంటే దాని అనలాగ్ ఎక్స్‌టెన్షన్‌లో మామూలు కార్డ్‌లెస్ బేస్ పెట్టుకోవచ్చు. రిసెప్షన్‌లో ఉండే పెద్ద తెర ఫోన్ సాకెట్‌లో మాత్రం పెట్టకండి, అది ఆ కంపెనీ సొంత డిజిటల్ లైను. పెట్టాక కాల్ బదిలీ చేద్దామని ‘ఆర్’ బటనో ‘ఫ్లాష్’ బటనో నొక్కితే కాల్ తెగిపోతోందా? అది ఫ్లాష్ సమయం కుదరకపోవడం. సెట్ మెనూలో 100, 300, 600 మిల్లీసెకన్లు అంటూ కొన్ని ఎంపికలుంటాయి. కాల్ తెగిపోతుంటే తక్కువది, నొక్కినా ఏమీ జరగకపోతే ఎక్కువది పెట్టి చూడండి. ఈపీఏబీఎక్స్ పెట్టినవాళ్లని అడిగితే సరైన అంకె వాళ్లే చెబుతారు.

ఐదారుగురు ఒకేసారి వేర్వేరు కాల్స్ మాట్లాడాలంటే మామూలు సెట్ చాలదు, ఎందుకంటే దానికున్నది ఒకే లైను. అప్పుడు నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే ఐపీ డెక్ట్ బేస్ తీసుకోవాలి. యీలింక్ డబ్ల్యూ70బీ లాంటి బేస్ మీద పది హ్యాండ్‌సెట్ల దాకా ఎక్కుతాయి, గ్రాండ్‌స్ట్రీమ్ డీపీ752 మీద ఐదు. పీఓఈ స్విచ్ ఉంటే కరెంటు కూడా అదే కేబుల్‌లో వస్తుంది, అంటే సర్వర్ గది యూపీఎస్ మీద ఫోన్లు కూడా బతికిపోతాయి. బేస్ వెబ్ పేజీ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టిన రోజే మార్చేయాలి. దాన్ని అలాగే వదిలేసిన ఆఫీసుల లైన్ల మీద ఎవరో విదేశీ కాల్స్ చేసి, బిల్లు వచ్చాక తెలిసిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

నర్సింగ్ హోమ్, ఫంక్షన్ హాల్, గోడౌన్, మిల్లు లాంటి పెద్ద చోట్లలో ఒక బేస్ అందదు. రిపీటర్ చవక దారి. కానీ చాలా రిపీటర్లు ఒకేసారి రెండు మూడు కాల్స్‌కి మించి మోయలేవు, కొన్ని పాతవైతే ఎన్‌క్రిప్షన్ ఆపేస్తే తప్ప పనిచేయవు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఒక్కడికి అందాలంటే రిపీటర్ సరిపోతుంది. నర్సులు మాట్లాడుతూ ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు తిరిగే చోట బహుళ బేస్‌ల వ్యవస్థ పెట్టాల్సిందే. యీలింక్ డబ్ల్యూ80బీతో 30 బేస్‌లు, 100 హ్యాండ్‌సెట్ల దాకా కట్టొచ్చు. ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒకచోట. ఖర్చు తగ్గుతుందని బేస్‌లను వీలైనంత దూరం దూరంగా పెడతారు. బేస్‌లు గాలిలోనే ఒకదాని గడియారంతో ఇంకొకటి సరిపోల్చుకునే పద్ధతిలో ఉంటే, ప్రతి బేస్‌కీ పక్క బేస్ సంకేతం స్పష్టంగా వినపడాలి. లేకపోతే నడుస్తుండగా కాల్ ఒక బేస్ నుంచి ఇంకోదానికి మారదు, తెగిపోతుంది. ఒకటి రెండు బేస్‌లు ఎక్కువైనా ఫర్వాలేదు, ముందు ఒక బేస్‌ను స్టాండుకు కట్టి, చోటు మారుస్తూ, హ్యాండ్‌సెట్‌తో అన్ని మూలలూ నడిచి చూశాకే గోడకు రంధ్రాలు వేయించండి. లిఫ్టు లోపల, ఎక్స్‌రే గదిలో సీసం తలుపుల వెనక ఎలాగూ అందదు, ఆ మాట యజమానికి ముందే చెప్పడం మంచిది.

వైఫై ఫోన్లు ఉండగా ఇదెందుకని ఆఫీసుల్లో అడుగుతారు. డెక్ట్ ఫ్రీక్వెన్సీలో వైఫై రద్దీ లేదు, హ్యాండ్‌సెట్ ఛార్జి ఎక్కువ రోజులు నిలుస్తుంది. మాట కోసమే కట్టిన వ్యవస్థకు ఆ తేడా ఉంటుంది. మన దేశంలో దీన్ని ఇంకా దూరం తీసుకెళ్లినవాళ్లున్నారు. ఐఐటీ మద్రాస్‌లో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 1990లలో ఇదే డెక్ట్ మీద ‘కార్‌డెక్ట్’ అనే వ్యవస్థ కట్టి, తీగలు వేయలేని పల్లెలకు పది కిలోమీటర్ల దాకా ఫోన్‌నీ, సెకనుకు 35, 70 కిలోబిట్ల ఇంటర్నెట్‌నీ అందించింది.

చెడినప్పుడు ఏం చూడాలి

చెవిలో వినపడే చప్పుడే సగం జవాబు చెబుతుంది. ‘శ్‌శ్’ మని హోరు, గుయ్ మనే మోత, గరగర ఉంటే అది లైను జబ్బు. మాట మధ్యలో ముక్కలు ముక్కలుగా మాయమవడం, టక్ టక్ మని చప్పుడు, ఉన్నట్టుండి నిశ్శబ్దం అయితే అది రేడియో జబ్బు. డిజిటల్ సంకేతం బలహీనపడ్డప్పుడు పాత అనలాగ్ ఫోన్‌లా హోరెత్తదు, తెగుతుంది.

హోరుంటే పాత వైరు ఫోన్‌ను అదే సాకెట్‌లో పెట్టి వినండి. అందులోనూ ఉంటే కంపెనీకి ఫిర్యాదు చేయండి, మీ సెట్ బాగానే ఉంది. వైరు ఫోన్‌లో శుభ్రంగా ఉంటే లైను వైరు మార్చి, బేస్ అడాప్టర్‌ను వేరే ప్లగ్గులో పెట్టి చూడండి. మాట తెగుతుంటే హ్యాండ్‌సెట్ పట్టుకుని బేస్ పక్కకు వచ్చి మాట్లాడండి. అక్కడ బాగుంటే సమస్య చోటుదే, మళ్లీ మెట్ల దగ్గరి మాట గుర్తు చేసుకోండి. బేస్ పక్కన కూడా తెగుతుంటే దగ్గర్లో మొబైల్ సిగ్నల్ బూస్టర్ ఎవరైనా పెట్టారేమో కనుక్కోండి. 1800 బ్యాండ్‌లో టవర్ నుంచి వచ్చే సంకేతాలు సరిగ్గా 1880 దగ్గరే ఆగుతాయి, నాసిరకం బూస్టర్లు ఆ గీత దాటుతాయి. అనుమతి లేకుండా వాటిని పెట్టడం చట్టవిరుద్ధం కూడా. తెరలో ఎకో మోడ్ ఆన్‌లో ఉంటే బేస్ తన శక్తి తగ్గించుకుంటుంది, అందువల్ల దూరపు గదికి అందకపోవచ్చు, ఆపి చూడండి.

రాత్రంతా ఛార్జర్‌లో ఉండి కూడా రెండు నిమిషాలకే బీప్ బీప్ మని ఆగిపోతే సెల్లు అయిపోయినట్టే. రెండు మూడేళ్లకు ఇది మామూలే. చాలామంది ఇక్కడే ఫోన్ పోయిందనుకుని కొత్త సెట్ కొంటారు. ముందు హ్యాండ్‌సెట్ వెనకున్న ఛార్జింగ్ లోహపు బిళ్లలను పొడి గుడ్డతో తుడవండి, వంటింటి జిడ్డు అక్కడ పేరుకుంటుంది. అప్పటికీ కాకపోతే రెండు కొత్త ఏఏఏ రీఛార్జబుల్ సెల్లు వేయండి. తీసినవాటిని తడి చెత్తలో కలపకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.